మహబూబాబాద్‌కు నెలకో ఫోన్

మా పక్కింటి తాత పోయిన మంగళవారం కన్నుమూశాడు. భూపాలపల్లిలో అక్క దగ్గర ఉన్న నేను కబురు తెలిసి జనగామకు వచ్చాను. ఆయన ఒక్కడే ఉండేవాడు. పొద్దున చాయ్ ఇవ్వబోయిన మా అవ్వే ముందు చూసింది.

మా ఇంట్లో ఫ్యూజు పోయినా, ఫ్యాను ఆగినా ఆయనే వచ్చేవాడు. ఫోన్ పెట్టిందీ ఆయనే. చాలా ఏళ్ల కింద, ఆ రోజు నేను అడాప్టరును ప్లగ్గులో పెట్టి, నంబరు కనిపించే అద్దం వెలగగానే రిసీవర్ ఎత్తాను. చప్పుడు లేదు. తాత వచ్చి సన్న తీగను గోడ డబ్బాలో గట్టిగా నొక్కాడు.

"కరెంటు వెలుగుకే బిడ్డా. మాట తీగల నుంచి వస్తది."

"నీకిదంతా ఎట్ల తెలుసు తాతా?"

రిసీవర్‌ను ఒకసారి చెవికి పెట్టి చూసుకొని చెప్పాడు. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో దేవరుప్పుల దిక్కు ఒక దొర గడీలో ఆయన జీతగాడు. అక్కడి ఫోన్‌కు కరెంటు లేదు; చెక్కపెట్టెలో బ్యాటరీలు ఉండేవి. అవి అయిపోతే మార్చడం ఆయన పని.

"ఒకనాడు మాట పోతలేదని దొర పిలిచిండు. కొత్తయి ఏసిన. ఆ ఫోన్ల మొదలు పోయిన మాట మా అన్న పేరు. దొరల మీద కొట్లాడే సంఘంల ఉన్నడని పోలీసోళ్లకు చెప్పిండు. నేను పక్కనే నిలవడ్డ. ఇంటికి ఉరికిన గని అందలే, అప్పటికే పట్టుకపోయిండ్రు."

అన్న తిరిగి రాలేదు. వదిన చంటిబిడ్డను ఎత్తుకొని మహబూబాబాద్‌లోని తల్లిగారింటికి వెళ్లిపోయింది.

"మమ్ముల కన్న మా అవ్వ నన్ను ఒక్క మాట అన్లే. తిట్టినా బాగుండు," అన్నాడు తాత.

తర్వాత జేబులోంచి చీటీ తీశాడు. అన్న కూతురి ఇంటి నంబరు. కలిపి ఇచ్చాను. "హలో, ఎవరూ?" అని ఆడగొంతు వినిపించింది. తాత పెదవులు కదిలాయి, మాట రాలేదు. రిసీవర్‌ను రెండు చేతులతో పెట్టేశాడు.

అప్పటి నుంచి నెలకోసారి వచ్చేవాడు. కలిపేవాడు, వినేవాడు, పెట్టేసేవాడు. "గొంతు మంచిగనే ఉన్నది," అని ఒక్కోసారి లేచిపోతూ అనేవాడు.

తాత పోయిన కబురు చెప్పడానికి ఈసారి ఆ నంబరుకు నేనే చేశాను. మధ్యాహ్నానికి ఆమె వచ్చింది. తలంతా నెరిసింది.

"ఫోన్ చేసేది ఎవరో నాకు ఎరుకే," అంది. "మీ నాయిన తమ్ముడు చిన్నబాపే అయి ఉంటడని మా అమ్మ చెప్పింది. నేను పెట్టెయ్యకుండ ఆగేదాన్ని. ఆయనే పెట్టేసేటోడు."

దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, ప్రాణం ఉందేమోనని చివరిసారి చెవిలో పిలవడానికి సొంతవాళ్లెవరని అడిగారు. మా దగ్గర ఆడవాళ్లు అక్కడిదాకా రారు. ఆమె వచ్చింది. మట్టిలో మోకాళ్లూని ఆయన చెవి దగ్గరకు వంగింది.

"చిన్నబాపూ," అని మూడుసార్లు పిలిచింది. పిలిచిన ప్రతిసారీ కాసేపు ఆగింది.