దుప్పటికి రెండో కొస

పిన్ని ఆ ఉదయం దుప్పటి మూలలు రెండూ చూడకుండా వదిలేసింది. అందుకోవాల్సిన చేతులు ఇంకా అక్కడికి రాలేదు. దుప్పటి నేల మీద పడింది. ఆసుపత్రి లాండ్రీలో నేలను తాకిన గుడ్డ మళ్ళీ ఉతుక్కి వెళ్ళాల్సిందే.

దుప్పటి మడత ఇద్దరి పని. చెరో కొసన నిలబడి, గట్టిగా ఒక్కసారి విదిలించి, నిలువునా రెండు మడతలు వేసి, ఒకరికొకరు ఎదురు నడవాలి. దగ్గరికొచ్చాక ఒకరు తన మూలలు రెండోవారి చేతికి అప్పగించి, వంగి, కింద వేలాడే మడతను అందుకోవాలి. పదకొండేళ్ళు పిన్ని కళ్ళు మూసుకునే అప్పగించింది.

అందుకున్నది వదిన. చుట్టరికమేమీ లేదు. లాండ్రీలో మిగతావాళ్ళంతా పిన్నిని పిన్నీ అనే పిలిచేవాళ్ళు. వీళ్ళిద్దరూ మాత్రం ఎవరు పెద్దో తేలక ఒకరినొకరు వదినా అని పిలుచుకున్నారు. పిన్నికి మోకాలు నొప్పి మొదలైనప్పుడు వదిన బరువు బుట్టను తన వైపుకి లాక్కుంది. ఒకసారి పిన్ని చూసుకోక మరక దుప్పట్లు వార్డుకి వెళ్తే, అధికారి ముందు వదిన మేమిద్దరం చూసుకోలేదనేసింది. బయటికొచ్చాక మాత్రం, కళ్ళద్దాలు ముక్కు మీద పెట్టుకోవాలి గానీ నెత్తిన కాదని వారం రోజులు ఏడిపించింది.

వీధికి అవతల కొత్త భవనం కట్టాక, అక్కడి లాండ్రీకి పర్యవేక్షకురాలు కావాల్సొచ్చింది. అందరితో కలిసిపోయేది ఎవరని అధికారి పిన్నిని అడిగాడు. పిన్ని నిజమే చెప్పింది, వదినేనని. ఆ పని వదినకే ఇచ్చారు. చేజేతులా పోగొట్టుకున్నానని తర్వాత అందరితో అంటూనే ఉంది.

నాలుగు నెలల్లో ముగ్గురు జతవాళ్ళను పిన్ని తిప్పి పంపింది. ఒకరు వాగుడుకాయ, ఒకరు నత్త, మూడో ఆవిడ దుప్పటిని తాడుపందెంలా లాగుతుంది. ఇప్పుడున్నది నాలుగో మనిషి. క్యాంటీన్ నుంచి మారిన పొడుగావిడ. ఆ గురువారం ఉదయం దుప్పటి అందుకోలేకపోయింది ఆవిడే. ఈలోగా కొత్త భవనంలో ఒక ఖాళీ పడింది. పిన్ని బదిలీకి కాగితం పెట్టింది. సంతకం పెట్టాల్సింది వదినే కాబట్టి బదిలీ ఖాయమని ఇంట్లో కూడా చెప్పేసింది.

గురువారం భోజనాల వేళ వదినే వచ్చి బల్ల మీద పక్కన కూర్చుంది.

"నీ కాగితం వెనక్కి పంపాను వదినా."

పిన్ని డబ్బా మూత పెట్టేసింది.

"అక్కడికొస్తే నాతో మడత పెట్టొచ్చనుకున్నావా? నేను దుప్పటి ముట్టుకుని నాలుగు నెలలైంది. నీకు ఇంకొకళ్ళని జత వెయ్యాలి. ఆవిణ్ణీ నువ్వు తిప్పి పంపితే నేనెవరి పక్షం మాట్లాడను?"

"నీలా ఎవరికీ చెయ్యి రాదు."

"నాకు మాత్రం వచ్చిందేంటి? మొదటి ఏడాది రోజుకి పది పడేసేదాన్ని. నువ్వు ఒక్క మాటన్నావా? నా చెయ్యి పడేదాకా మూల వదిలేదానివి కాదు."

పిన్నికి అది గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవడానికి కొంతసేపు ప్రయత్నించింది. వదిన ఆ డబ్బాలోంచి ఒక ముద్ద తిని, ఉప్పు తక్కువైందని చెప్పి, వీధి దాటి వెళ్ళిపోయింది. పిన్ని ఆవిడ గేటులోకి వెళ్ళేదాకా చూసింది.

మధ్యాహ్నం పొడుగావిడ ఎదురు నడిచి వచ్చింది. పిన్ని మూలలు వదల్లేదు.

"పట్టుకున్నావా?" అని అడిగింది.

"పట్టుకున్నా పిన్నీ."

అప్పుడు వదిలింది.

కొత్త భవనంలో ఆ ఖాళీ సోమవారం నిండిపోయింది. అక్కడ మళ్ళీ ఒకరు రిటైరయ్యేది మూడేళ్ళకి. పిన్నికి మిగిలిన ఉద్యోగం రెండేళ్ళ నాలుగు నెలలు.