గడ్డం మీది మూడు చుక్కలు

ఆవగింజంత సంగతిని గుమ్మడికాయంత చేసి చెప్పడం నాకు అలవాటు. ముందే ఒప్పుకుంటున్నాను.

ధర్మపురి బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో నడిపే అన్న కళ్ళద్దాలు సోడాసీసా అడుగంత మందం. కంప్యూటర్ తెర మీద, ఫోటోలోని నాయిస్‌ను, అంటే గింజగింజల గరుకును, తగ్గించే స్లైడర్‌ను ఆయన వెంట్రుకవాసి జరిపేలోపు సేలం బస్సు వెళ్ళి తిరిగొచ్చేది. జరిపిన ప్రతిసారీ పక్కన స్టూలు మీద కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి ఒకే మాట అడిగేవాడు: "చూడండి, మీ మనిషేనా?"

ఒకరోజు మారండహళ్ళి నుంచి ఒకామె చనిపోయిన తల్లి ఫోటో తెచ్చింది. చీకటి వంటింట్లో సెల్‌ఫోన్‌తో తీసింది. ముఖమంతా రవ్వ చల్లినట్టుంది. ఇంకో ఫోటో లేదు. అన్న స్లైడర్‌ను చివరిదాకా జరిపాడు. ముఖం పింగాణీలా నున్నబడింది.

"మీ అమ్మేనామ్మా?"

"కాదణ్ణా. గడ్డం మింద పచ్చబొట్టు ఏడబోయె?"

"అదీ నాయిస్ అనుకొని మిషను తుడిచేసినాదమ్మా."

స్లైడర్‌ను వెనక్కి తెచ్చాడు. గోడనూ చీరనూ మాత్రం శుభ్రం చేసి, ముఖం మీది రవ్వను దాదాపు అలాగే వదిలేశాడు. అందులోంచి మూడు చుక్కలు తేలాయి.

"ఇప్పుడు?"

"మా అమ్మే."

అన్న లేచి, తెర మీది ఆమెకు దండం పెట్టాడు.

కళ్ళద్దాలనూ సేలం బస్సునూ పెంచి చెప్పాను. పూర్తిగా కల్పించింది మారండహళ్ళి ఆమెను ఒక్కదాన్నే. ఆ స్టూలు మీద కూర్చుని "మా అమ్మే" అన్నది నేను.