ట్యూబులైట్లు ఆర్పేసిన ఈస్టరు

నా చిన్నప్పుడు, సముద్రం ఒడ్డునున్న మా ఊళ్ళో ఈస్టరు ప్రార్థన తెల్లవారకముందే ఇసుకలో జరిగేది. ఏటా కొవ్వొత్తులే. ఆ ఏడు మాత్రం జనరేటరు అద్దెకు తెచ్చి, వెదురు గడలకు ట్యూబులైట్లు కట్టారు. కట్టించింది మా నాన్న, అదీ నా పోరు పడలేక. బైబిలు వాక్యం చదివేది నేను! కొత్త గులాబీరంగు గౌను ఎవరికీ కనబడకపోతే ఎలా అని వారం రోజులు ఆయన ప్రాణం తీశాను.

నా వంతు వచ్చింది. కాగితం విప్పి నాలుగు మాటలు చదివానో లేదో, కాలి మీద ఏదో పాకింది. చూస్తే అగ్గిపెట్టెంత తాబేలు పిల్ల. దాని వెనక పదులు, వందలు. అప్పుడే గుడ్లు పగిలి, ఇసుకలోంచి పైకొచ్చినవి. అన్నీ సముద్రాన్ని వదిలేసి మా లైట్ల వైపే వస్తున్నాయి. కొన్ని జనం కాళ్ళ కింద నలిగాయి. కుక్క ఒకటి రెండింటిని నోట కరుచుకుపోయింది. కుర్రాళ్ళు దోసిళ్ళతో తీసుకెళ్ళి నీళ్ళ దగ్గర వదిలితే, అవి మళ్ళీ వెనక్కి తిరిగి వచ్చేస్తున్నాయి!

మా మామ్మ చేపలమ్మే మనిషి, అక్షరం ముక్క రాదు. గభాల్న లేచి, "ఆ లైట్లు ఆర్పండ్రా! చీకట్లో మెరిసేది సముద్రమని వాటికి తెలుసు. ఇప్పుడు మీ లైట్లే సముద్రమనుకుంటున్నాయి," అని అరిచింది.

నేను ఏడుపు లంకించుకున్నాను. "కాగితం కనబడదు, నేనెలా చదవాలి మామ్మా?"

"నువ్వు ఒక్క పూట కనబడకపోతే ఏం పోదే పిచ్చిదానా. వాటికి సముద్రం కనబడకపోతే ప్రాణాలే పోతాయి," అంది.

నాన్న నా వంక చూశాడు. ఇంకో తాబేలు పిల్ల నా చెప్పు ఎక్కబోతోంది. ముక్కు తుడుచుకుని, నేనే వెళ్ళి స్విచ్చి కట్టేశాను.

చీకట్లో వాటిని తొక్కేస్తామని ఎవరూ అడుగు కదపలేదు. యేసు తిరిగి లేచిన ఖాళీ సమాధి కథ నోటికొచ్చినంత చెప్పాను. తప్పినచోటల్లా అందించింది ఎవరనుకున్నారు? చదువురాని మా మామ్మే! ఈలోగా పిల్లలన్నీ మెల్లగా వెనక్కి తిరిగాయి. మా పాదాల మధ్యనుంచి నడిచి అలల్లోకి దూకాయి. అలల మెరుపులో ఒక్కోటి మునిగినప్పుడల్లా జనం చప్పట్లు కొడుతూ "హల్లెలూయా" అని కేకలు. అంత సంతోషం నేను మళ్ళీ ఏ ఈస్టరులోనూ చూడలేదు.

ఇప్పుడు మా ఒడ్డంతా రొయ్యల హేచరీలు, రిసార్టులు. తాబేలు పిల్లలు బయటికొచ్చే రోజుల్లో గుమ్మం గుమ్మం తిరిగి లైట్లు ఆర్పమంటాను. "మామ్మగారు వచ్చారండి, ఇక కరెంటు పోయినట్టే!" అని నన్ను చూసి నవ్వుతారు. నవ్వుతూనే స్విచ్చి కట్టేస్తారు. మొన్నటి ఈస్టరుకి ఒడ్డు పొడుగునా ఒక్క దీపం లేదు. వాక్యం నేనే చెప్పాను, కాగితం లేకుండా. గులాబీరంగు చీర కట్టుకున్నాను. ఎవరికీ కనబడలేదు లెండి.