రెండుసార్లు పూడ్చిన మగ్గం గుంట

మా చెల్లె పోయి ఏడాది దాటింది. షోలాపూర్‌లో మా చుట్టాలు ఆమె గురించి రెండు మాటలు చెప్పుకుంటారు. ఇంట్లో వాటా కోసం అలిగి చాలా ఏళ్లు అన్న గడప తొక్కలేదన్నది ఒకటి. ఫోను ఆటలో ఆమె కట్టుకున్న ఇంటిని ఆ ఆట కంపెనీవాళ్లు తీసేశారన్నది రెండోది. రెండూ నా నోటి నుంచి వచ్చినవే. రెండూ అబద్ధాలే.

మా నాన్నది గుంట మగ్గం. మాకున్నది ఒక్కటే గది, అందులో సగం మగ్గానిదే. నేలలో నడుములోతు గుంట ఉండేది. నాన్న దాని అంచు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేసి తొక్కుడు కర్రలు తొక్కేవాడు. అమావాస్య రోజు మగ్గానికి సెలవు. ఆ రోజు గుంట మాది. షోలాపూర్ ఎండలో రేకుల కింద గది కాగిపోతుంటే, గుంటలో మట్టి మాత్రం చల్లగా ఉండేది, గంజి వాసన వేసేది. పైన పరిచి ఉన్న పడుగు దారాల సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా దిగేది. చెల్లె ఆ గీతల్లో చేతులు పెట్టి అటూ ఇటూ తిప్పుకుంటూ, అలాగే నిద్రపోయేది.

"లెవ్వు పోరీ! మీ నాయిన కాళ్లు పెట్టే జాగ అది, పండుకునేది కాదు" అని అమ్మ పైనుంచి అరిచేది.

"నాయిన కాళ్లు పట్టంగ నేను పట్టనా?" అనేది చెల్లె, కళ్లు తెరవకుండానే.

తర్వాత చేతిమగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. నాన్న పోయాడు, అమ్మా పోయింది. చెల్లె పెళ్లయి, ఊరవతల బీడీ పనివాళ్ల కాలనీ విడీ ఘర్కుల్‌లో కాపురం పెట్టింది, అక్కడి ఆడవాళ్లందరిలాగే బీడీలు చుట్టేది. నేను తువ్వాళ్లు నేసే పవర్‌లూమ్ కార్ఖానాలో చేరాను. గదిలో గుంట ఉత్తగా మిగిలింది. ఒక వేసవిలో దాన్ని రాళ్లూ మట్టీ వేసి పూడ్పించి, పైన షాబాదు బండలు పరిపించాను. చెల్లెకు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

ఆ ఏడు రాఖీ పున్నమకు వచ్చింది. మార్కండేయుని రథం తిరిగే రోజు కాబట్టి సందు నిండా జనం. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టబోయి, అలాగే ఆగిపోయింది.

"గుంటేదన్నా?"

"పూడ్చిన. ఎలుకలు ఎక్కువైనయ్."

"నాకొక్క మాట చెప్పకపోతివి."

ఆ పూట ఇంటి నిండా చుట్టాలు. వాళ్లు నవ్వాలని ఒక మాట అన్నాను.

"నీకేం చెప్పాలె? గుంట గూడ పుట్టింటి సారెల కట్టియ్యాల్నా నీకు?"

అందరూ నవ్వారు. చెల్లె నవ్వలేదు.

"చెయ్యి బయటికి పెట్టు" అంది.

గడప ఇవతల నేను, అవతల ఆమె. అక్కడే నిలబడి రాఖీ కట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. బండల మీద కాలు పెట్టలేదు. ఆ తర్వాత మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

ఆ రోజు నవ్విన మాట ఎవరికీ పట్టలేదు; ఎందుకు రావడం లేదని చుట్టాలు అడిగారు. మగ్గం గుంట కోసం అలిగిందంటే నన్నే తప్పు పడతారేమో, లేదా ఆమెను పిచ్చిది అంటారేమో అనుకున్నాను. అందుకని "వాటా అడుగుతున్నది" అన్నాను. అది అందరికీ వెంటనే అర్థమైంది. మా చెల్లె జీవితంలో ఎన్నడూ వాటా అడగలేదు.

కరోనాలో కార్ఖానాలు మూతపడి ఇంట్లో కూర్చున్న రోజుల్లో మేనకోడలు ఫోన్ చేసింది. అప్పుడు కాలేజీలో చదువుతుండేది.

"మామా, ఒక లింకు పంపిన, ఒత్తు. అమ్మ నిన్ను ఇంటికి రమ్మన్నది."

"విడీ ఘర్కుల్‌కా? బయటికెళ్తే పోలీసోళ్లు ఊకుంటరానే?"

"ఆ ఇంటికి గాదు. గేమ్‌ల ఉన్న ఇంటికి. ఆడ పోలీసులు లేరు, మాస్కు గూడ అక్కర్లే. రా!"

ఒత్తాను. ఫోన్లో ఒక నది కనిపించింది. నది వంపు తిరిగేచోట మూడు నల్లరాళ్లు, వాటి పక్కన రేకుల ఇల్లు. ఆకుపచ్చ చొక్కా తొడుక్కున్న చిన్న బొమ్మ నేనట. తలుపు ముట్టుకుంటే తెరుచుకుంది. ఆ ఆటలో ఎవరికి వారు అడవి నరికి, ఇల్లు కట్టుకుని, కావలసిన సామాను పెట్టుకోవచ్చు. సామానులో మగ్గం కూడా ఉంది గానీ, అది ఏ దేశపు మగ్గమో, నేల మీద నిలువుగా నిలబడుతుంది. చెల్లె దాని కింద నేల తవ్వింది. నడుములోతు గుంట.

నా బొమ్మను అందులోకి దింపాను. పైనుంచి ఆమె మాట అక్షరాలుగా కనిపించింది. నన్ను తెలుగు బడిలో వేశారు, ఆమెను మరాఠీ బడిలో వేశారు. అందుకే ఆమె తెలుగు మాటలను మరాఠీ లిపిలో రాసేది. ఊరి లిపి కాబట్టి అది నాకూ వచ్చు, నేనూ అలాగే రాసేవాణ్ని.

"లెవ్వు. నాయిన కాళ్లు పెట్టే జాగ అది, పండుకునేది కాదు."

నవ్వాను. పొయ్యి దగ్గర ఉన్న నా భార్యకు వినపడకూడదని నవ్వుతూనే నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాను. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో తెలియదు. తప్పయింది చెల్లే అని రాద్దామని ఫోను మీద వేలు పెట్టాను. "తిన్నవా?" అని రాశాను.

"తిన్న. తునికాకు వస్తలేదు, బీడీ పని లేదు. తినుడే పని."

అప్పటి నుంచి సాయంత్రాలు ఆ ఇంట్లో కలుసుకునేవాళ్లం. ఇంటికి ఇద్దరిని ఇంటివాళ్లుగా పెట్టుకోవచ్చు. ఆమె తన తర్వాత నా పేరు పెట్టింది. ఇంటివాళ్లలో ఎవరు లోపలికి అడుగుపెట్టినా మగ్గం తనంతట తనే ఆడటం మొదలుపెడుతుంది. టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు.

"ఇది మగ్గమా, గడియారమా?" అన్నాను ఒకసారి.

"నీ పవర్‌లూమ్ కంటె నయమే. చెవులన్న దక్కుతయ్" అంది.

లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా ఇది ఆగలేదు. ఆమె ఒళ్లో చాట, అందులో తంబాకు, చాటకు ఆనించిన ఫోను. రెండు బీడీలు చుట్టడం, ఒకసారి తెర ముట్టడం. ఫోను అద్దం మీద ఎప్పుడూ తంబాకు పొడే అని మేనకోడలు విసుక్కునేది. నది ఒడ్డున చెల్లె చేమంతులు వేసింది. నేను చేపలు పట్టేవాణ్ని. ఏమీ చేయకుండా గుంట అంచు మీద రెండు బొమ్మలూ పక్కపక్కన కూర్చున్న సాయంత్రాలు కూడా ఉన్నాయి. నాకు ఇప్పటికీ అవే ఎక్కువగా గుర్తొస్తాయి.

"బస్సెక్కితే అయిపాయె గదా, మీరిద్దరు పిచ్చోళ్లు" అనేది మేనకోడలు.

నిజమే. కానీ బస్సెక్కి వెళితే ఆమె ముఖం చూడాలి, సారె మాటకు జవాబు చెప్పాలి. ఆటలో బొమ్మకు ముఖం లేదు, రెండు చుక్కలు కళ్లు, అంతే. నా పిరికితనానికి అది సరిపోయింది. తొందరేముందిలే, ఒకరోజు వెళతాను అనుకునేవాణ్ని.

చెల్లెకు దగ్గు ముదిరి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రిలో పెట్టాక వెళ్లాను. అప్పటికే ఆమెకు మాట లేదు. చెయ్యి పట్టుకున్నాను. వేలి కొసల్లో తంబాకు మరక అలాగే ఉంది. ఆ గడబిడలో ఆమె ఫోను ఎక్కడో పోయింది.

శ్మశానం నుంచి వచ్చాక మేనకోడలు నన్ను పక్కకు పిలిచింది.

"మామా, అమ్మ ఫోన్ దొరుకుతలేదు. ఇగ ఆ ఇంటి తలుపు నీ చేతిలనే ఉన్నది. నేను బయట నిలవడి చూస్త గాని లోపలికి పోరాదు. రోజుకొకసారి తలుపు తియ్యి. వరుసగ కొన్ని రోజులు తియ్యకపోతె గడప మీద చెట్లు మొలిచి ఇంటిని అడివి తీస్కపోతది. యాదిపెట్టుకో."

"పెట్టుకుంట బిడ్డా" అన్నాను.

మాలో చావు సూతకం ఉన్నన్ని రోజులు మగ్గం ముట్టరు. పవర్‌లూమ్ వచ్చినా అది పోలేదు. అయితే పెళ్లి చేసి పంపిన ఆడబిడ్డ పోతే పుట్టింటివాళ్లకు మూడు రోజులే సూతకం. మూడో రోజు స్నానం చేసొచ్చాక నా భార్య అంది:

"ఇగ పనికి పో అయ్యా. ఇచ్చిన పిల్లకు మనకింతే గద."

"నాకు అంతే గాదు. పెద్దకర్మ దాక సూతకం పడ్త. అప్పటిదాక మగ్గం ముట్ట."

ఆ సంగతి సందంతా తెలిసింది. పలకరించడానికి వచ్చినవాళ్లు "గంత పంచాయితీ ఉండి గూడ, చూడు, అన్నంటే గిట్లుండాలె" అన్నారు. ఆ మాట నాకు బాగుంది. బతికున్నప్పుడు బస్సెక్కి వెళ్లనివాణ్ని, పోయాక ఎక్కువ రోజులు సూతకం పట్టి గొప్ప అన్ననైపోయాను.

ఫోనులో రోజూ గుర్తు వచ్చేది. ఆ ఇంటి బొమ్మ గడప మీద ఒక చిన్న మొలక. మర్నాటికి దానికి ఆకులు. తర్వాత అది మొక్క. దాని అర్థం నాకు తెలుసు. కానీ తలుపు తీస్తే మగ్గం ఆడుతుంది. చెల్లె చావు సూతకంలో చెల్లె మగ్గం నా చేత్తో ఎలా ఆడిస్తాను? ముట్టనని నలుగురిలో చెప్పాను కదా. ఇంకా రెండు రోజులేగా, పెద్దకర్మ కాగానే తీస్తాను అనుకున్నాను. తలుపు తీస్తే గుంట అంచు మీద ఆమె బొమ్మ ఉండదన్న భయమూ ఉంది. కానీ దాన్ని ఆ రోజు భయం అనుకోలేదు, నిష్ఠ అనుకున్నాను.

పెద్దకర్మ రోజు స్నానం చేసి, తడిబట్టలతోనే ఫోను తెరిచాను. నది ఉంది. మూడు నల్లరాళ్లు ఉన్నాయి. వాటి పక్కన చెట్లు. నా బొమ్మను ఆ చెట్ల మధ్య చాలాసేపు తిప్పాను. చేమంతులు కూడా లేవు.

అదే రోజు మధ్యాహ్నం, అన్నాలు పెడుతుంటే, మేనకోడలు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మామా, అమ్మ ఇల్లు కనవడ్తలేదు!"

చుట్టూ జనం. నన్ను మెచ్చుకున్నవాళ్లే.

"కంపెనీవాళ్లు తీసేసిండ్రట బిడ్డా. పాత ఇండ్లన్ని తీసేస్తున్నరట."

"వాళ్ల కంపెనీల మన్నుపడ!" అని అక్కడే కూలబడి ఏడ్చింది. అంతవరకు తల్లి కోసం అంత గట్టిగా ఏడవలేదు. నేను ఆమె తల నిమిరాను.

మొన్న సంవత్సరీకానికి విడీ ఘర్కుల్ వెళ్లాను. భోజనాలయ్యాక మేనకోడలు పెరట్లో గిన్నెలు తోముతూ, వచ్చినామెకెవరికో చెబుతోంది: "అమ్మకు మా మామ పూర్తి సూతకం పట్టిండు తెల్సా అత్తా? ఎవ్వరు పట్టరు గట్ల." ఆమె వెళ్లేదాకా ఆగి దగ్గరికి వెళ్లాను.

"బిడ్డా, అమ్మ ఇంటిని కంపెనీవాళ్లు తీయలే."

"మరి?"

"నేను తలుపు తీయలే. తీస్తే మగ్గం ఆడ్తది గదా, సూతకంల ఆడొద్దని... పెద్దకర్మ దాక ఆగిన. మొలక లేస్తున్నది చూస్తనే ఉన్న."

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నా వంక చూసింది.

"మూడు దినాలే గదా మామా మీకు."

"అవు."

"నేను వాళ్లకు ఎన్ని మెయిళ్లు కొట్టిన. బూతులు తిట్టిన." గిన్నె కింద పెట్టింది. "మగ్గం మీద బట్ట ఉండెనా?"

"ఉండె. తువ్వాల. సగం అయింది."

ఆమె నల్లా కట్టేసింది. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, అదీ చెప్పాను. "మీ అమ్మ వాటా ఎన్నడు అడగలే. ఆ మాట నేను పుట్టిచ్చిన."

"అది నాకెరుకే. గుంట కోసమని అమ్మ చెప్పింది. ఆ ఇల్లు గూడ అందుకే కట్టింది. గుంట చూస్తెనన్న మా అన్న ఒక మాట అంటడేమో అని, రోజు పొద్దుగూకంగ ఫోన్ పట్టుకొని కూసుండేది."

ఆ మాట నేను ఎన్నడూ అనలేదు. తిన్నవా అని మాత్రం రోజూ అడిగాను.

మేనకోడలు నన్ను తిట్టలేదు. బస్సు స్టాపు దాకా వచ్చి ఎక్కించింది కూడా. అప్పటి నుంచి ఫోన్ చేయడం లేదు. నేను చేస్తే "మంచిగున్న మామా" అని పెట్టేస్తుంది. చుట్టాల్లో ఎవరు కలిసినా వాటా సంగతి, కంపెనీ సంగతి అబద్ధమని నేనే చెబుతున్నాను. కొందరు నమ్ముతున్నారు. కొందరికి పాత మాటే నచ్చింది.

కార్ఖానా నుంచి వచ్చాక ఆ నది వంపుకు వెళుతున్నాను. రోజుకు కొన్ని చెట్లు నరికాను. మూడు రాళ్ల పక్కన నేల చదునైంది. ఇల్లు ఇంకా కట్టలేదు. ముందు గుంట తవ్వాను, అది నడుములోతు వచ్చింది. కట్టబోయే ఇంటివాళ్లలో రెండో పేరు కోసం మేనకోడలికి పిలుపు పంపాను. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆమె ఆటలోకి వచ్చినప్పుడు ఆమె పేరు పక్కన చిన్న దీపం వెలుగుతుంది. నిన్న సాయంత్రం వెలిగింది. నేను గుంట అంచు మీద కూర్చుని, ఎదురుగా దారి కనబడేలా బొమ్మను తిప్పి పెట్టాను. ఆమె ఎక్కడ తిరుగుతోందో గానీ నది వైపు రాలేదు. కాసేపటికి దీపం ఆరిపోయింది. లోపల్నుంచి నా భార్య అన్నానికి పిలిచింది. నాన్న గుంట మీద పరిపించిన బండల మీద నడుచుకుంటూ వెళ్లి, పీట వేసుకుని కూర్చున్నాను.