లైనక్స్ మొదటి కోడ్ కోసం మేం తిరిగిన తిరుగుడు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల, నా పక్కన కూర్చుని పనసతొనలు తింటూ ఫోన్లో ఏదో గ్రూపు చూపించింది. ఎక్కడెక్కడి పిల్లలో అందులో చేరి ఒకటే అడుగుతున్నారు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మొట్టమొదట రాసిన సోర్స్ కోడ్ ఎక్కడ దొరుకుతుంది, మేం కొత్తగా నేర్చుకునేవాళ్ళం, ఇప్పటిది చదవబోతే అంతు దొరకడం లేదు, తొలినాటిదైతే చిన్నదట కదా అని. ఎవరో లింకు పెట్టారు, మా పిల్ల నొక్కింది, తొనలోంచి గింజ తీసి పక్కన పెట్టేలోగా కోడ్ అంతా ఫోన్లోకి దిగిపోయింది. నాకు నవ్వొచ్చింది. సరిగ్గా దానికోసమే నేనూ, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవారైన నా స్టూడెంటు ఒకాయనా ఆరు నెలలు తిరిగాం.

తొంభైల మధ్యలో మాట. రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉండేది. డిగ్రీ అవగానే అందులో పాఠాలు చెప్పడం నా మొదటి ఉద్యోగం. ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, గుమ్మం బయట చెప్పులు విడిచి, గర్భగుడిలోకి వెళ్ళినట్టు ఏసీ గదిలోకి వెళ్ళేవాళ్ళం. సెంటర్ పెట్టినాయన్ని పెద్ద సార్ అనేవాళ్ళం. ఆయనిచ్చిన నోట్సు నేను బట్టీపట్టి చెప్పేదాన్ని, పిల్లలు బట్టీపట్టి రాసేవారు, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో రావులపాలెం నుంచి బస్సులో ఒకాయన వచ్చి చేరారు. పొలాలకు నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. ఏ ఇంజన్‌కి ఏ జబ్బు చేసిందో గట్టు మీద నిలబడి చప్పుడు వినే చెప్పేవారని చుట్టుపక్కల పేరట. ఆ చప్పుళ్ళ మధ్యే చెవులు మందగించి, ఆ పేరుకే ముప్పు వచ్చింది. ఒకటి రెండుసార్లు బాగోని ఇంజన్‌ని బాగుందని పంపేశాక, ఆయనే షెడ్డు మూసి ఇటు వచ్చారు. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని, ఆయన నన్ను టీచరుగారూ అనేవారు. ముందు బెంచీలో కూర్చుని నా పెదవులే చూస్తూ పాఠం వినేవారు.

మూడో రోజో నాలుగో రోజో, స్విచ్ వెయ్యగానే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని తెచ్చుకుంటుంది అని నోట్సులో వాక్యం చదివాను. ఆయన లేచారు.

"టీచరుగారండీ, ఆపరేటింగ్ సిస్టమ్ రాకముందు అందులో ఏమీ లేదన్నారు కదండీ. మరి తెచ్చేదెవరండీ?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి సిలబస్‌లో లేదన్నాను. ఆయన నొచ్చుకోలేదు. క్లాసయ్యాక బయట చెప్పులు వేసుకుంటూ మెల్లగా అన్నారు. "ఇంజన్ మాట నాకు వినబడ్డం మానేసిందండి. దీన్ని చదివితే తెలిసిపోద్దంట కదా అని వచ్చానండి. మూత తియ్యకుండా ఏ మెషీనూ పట్టుబడదండి. దీని మూతెక్కడుందో చెప్తే చాలు."

ఆ రోజు ఇంటికి వెళ్తూ అదే ఆలోచించాను. జీతం తీసుకుని ఆయనకి నేను అబద్ధం చెప్పానని అనిపించింది. సెంటర్లో పాత కంప్యూటర్ పత్రికలు తిరగేస్తుంటే ఒక ఉత్తరాల పేజీలో కనిపించింది, లైనక్స్ అనేదాన్ని ఒక విద్యార్థి రాశాడని, దాని సోర్స్ కోడ్, అంటే మనుషులు చదవగలిగేలా రాసిన అసలు ప్రతి, ఎవరైనా చూడొచ్చని, నేర్చుకునేవాళ్ళు తొలి ప్రతి సంపాదించి చదివితే మంచిదని. మర్నాడు ఆయనకి చూపిస్తే, ఇదేనండి మూత, అన్నారు.

కానీ దొరకాలి కదా. పెద్ద సార్‌ని అడిగితే, మనకెందుకమ్మా, క్లాసులో ఈ గొడవ ఎత్తితే మాత్రం వేరే ఉద్యోగం చూసుకోవాల్సి వస్తుంది అని మెత్తగానే చెప్పారు. మా నాన్నగారికి ఒంట్లో బాగుండని రోజులవి, ఇంటికి నా జీతమే ఆధారం. అయినా విశాఖపట్నంలో ఎం.టెక్. చదువుతున్న మా పెదనాన్నగారబ్బాయికి ఉత్తరం రాశాను. అన్నయ్య నెలరోజులకి జవాబిచ్చాడు, తమ ల్యాబులో విదేశాల నుంచి ఫైళ్ళు దించుకునే లైను ఉందని, అది ఎప్పుడు పనిచేస్తుందో దేవుడికే తెలియాలని. ఇంకో నెలకి ఆ కోడ్ ఎక్కించిన ఫ్లాపీ పోస్టులో వచ్చింది. కవరు మీద పోస్టాఫీసు ముద్ర బాగా గట్టిగా పడింది కాబోలు, లోపల ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. నేను ఏడ్చినంత పనిచేశాను. బాబాయిగారు మాత్రం, నేనెళ్ళి పట్టుకొస్తానండి అని, చక్రకేళి అరటిగెల ఒకటి అన్నయ్యకి కానుకగా భుజాన వేసుకుని రైలెక్కారు.

ఆ హాస్టల్లో ఆయన ఉన్న రెండు రోజుల గురించి మా అన్నయ్య ఇప్పటికీ చెప్తాడు. గెల కుర్రాళ్ళందరికీ పంచిపెట్టి, వరండాలో పాడైపోయి పడున్న నీళ్ళ మోటారు బాగుచేసి, ల్యాబు లైను వచ్చేదాకా అక్కడే కూర్చున్నారట. రెండు ఫ్లాపీలు తువ్వాలులో చుట్టి, భార్య ఇచ్చిన స్టీలు క్యారేజీ గిన్నెలో పెట్టి తెచ్చారు. సెంటర్లో వేసి చూస్తే రెండూ తెరుచుకున్నాయి. పెద్ద సార్ ఊళ్ళో లేని రోజు చూసి, అంచులకి చిల్లులుండే ఆ పొడుగు కాగితాల మీద ప్రింటు తీశాను. ఆ ప్రింటరు కీచుమంటున్నంతసేపూ గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఆదివారాలన్నీ రావులపాలెంలోనే. మొదటిసారి మా అమ్మ తోడొచ్చింది, ఆయన భార్యతో మాట కలిసిపోయి ఇంక నన్ను ఒక్కదాన్నే పంపేది. షెడ్డులో చల్లారిపోయిన ఇంజన్ల మధ్య నులకమంచం మీద కాగితాలు పరుచుకుని, పక్కన నిఘంటువులాగా ప్రాసెసర్ పుస్తకం పెట్టుకుని, వారానికో పేజీ చొప్పున చదివాం. స్విచ్ వెయ్యగానే మెషీన్ డిస్కులోంచి చిటికెడు కోడ్ మాత్రం తెచ్చుకుంటుంది, ఆ చిటికెడే తనని తాను ఇంకోచోటికి మార్చుకుని మిగతాదాన్ని లాక్కొస్తుంది. అది అర్థం కావడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆయనకి ఒక్కసారే తట్టింది. హ్యాండిల్ పట్టుకుని తిప్పుతాం, ఇంజన్ అందుకోగానే వదిలేస్తాం, ఇదీ అంతేనండి అన్నారు. అంతవరకూ ఎవరూ నాకు అంత బాగా పాఠం చెప్పలేదు.

ఆ పద్ధతిలోనే పదిహేను వరసలు మేమే రాసుకున్నాం, స్విచ్ వెయ్యగానే తెర మీద ఒక్క అక్షరం వచ్చేలా. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ సెంటర్లో ఎవరూ లేనప్పుడు టైపు కొట్టి, ఫ్లాపీలో ఎక్కించి పెడితే తెర నల్లగానే ఉండిపోయింది. రెండోసారీ అంతే. ఆయన తన కాగితాన్ని తెర పక్కన పెట్టి, వేలితో ఒక్కో వరసా సరిచూసి, నేను తారుమారుగా కొట్టిన అంకె ఒకటి పట్టుకున్నారు. అది దిద్ది మళ్ళీ పెట్టాం. నల్లటి తెర మీద ఎడమపక్క పైన, ఇంగ్లీషు ఆర్ అక్షరం. వాళ్ళావిడ పేరులో మొదటిది.

ఆయన తెర మీద ఆ అక్షరాన్ని వేలితో తడిమారు. తర్వాత, "చప్పుడు లేకుండా అందుకుందండి" అన్నారు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్ద సార్. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన దగ్గరికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, "ఇది మీరు రాసిందేనా అమ్మా?" అన్నారు. అవునన్నాను. "ఏదీ, ఆపి మళ్ళీ వెయ్యండి" అన్నారు. నాలుగుసార్లు వేయించుకుని చూశారు. ఆ పై నెల నుంచి శనివారం సాయంత్రాలు ఆ కాగితాలతోనే పాఠం పెట్టుకోమన్నారు, తాను కూడా వెనక బెంచీలో కూర్చునేవారు.

బాబాయిగారు షెడ్డుని కంప్యూటర్లు బాగుచేసే కొట్టుగా మార్చారు. అరటి మార్కెట్ వాళ్ళవీ, స్కూళ్ళవీ మెషీన్లు అక్కడికే వచ్చేవి, ఎంత పాడైనదైనా మూత తీసి దగ్గరుండి చూపించి మరీ ఇచ్చేవారు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. నేను తర్వాత పాలిటెక్నిక్‌లో చేరి ఇప్పటికీ పాఠాలు చెప్తున్నాను, తెలియనిది ఎవరడిగినా తెలియదని హాయిగా చెప్తాను.

ఇప్పటి పిల్లలు నాకంటే త్వరగా నేర్చుకుంటున్నారు, అందుకు నాకు సంతోషమే. ఒక సందేహం తీరాలంటే మాకు బస్సెక్కి ఒకరింటికి వెళ్ళాల్సి వచ్చేది, వెళ్ళాక వాళ్ళు అన్నం పెట్టకుండా పంపేవారు కాదు. ఆ అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. మేం అన్ని వారాలు కూర్చుని చదివిన ఆ కోడ్‌లో ఏ వరస తర్వాత ఏది వస్తుందో ఇవాళ నన్నడిగితే చెప్పలేను. రావులపాలెంలో ఆ ఇంటి పెరటి వాకిట్లో, బాబాయిగారి భార్య కొసరి కొసరి వడ్డించిన అరటిపువ్వు కూర రుచి మాత్రం చెప్పగలను.