ఇంటూ కొట్టిన ఫోటో

ఖతర్‌లోని అల్ రువైస్‌లో మా కంపెనీ సైటు ఆఫీసంటే ఇసుకలో నిలబెట్టిన ఒక రేకుల క్యాబిన్. అందులో డ్రాయింగులూ కాగితాలూ సర్దిపెట్టే ఉద్యోగం నాది. కంప్యూటర్ గురించి ఎవరికి ఏ అనుమానమొచ్చినా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. మాది కృష్ణా జిల్లా అని తెలిసినవాళ్ళయితే ఆవకాయ గురించి కూడా అడిగేవారు.

మా సేఫ్టీ మేనేజర్ ఈజిప్టు ఆయన. మంచి మనిషే గానీ స్లైడులంటే పిచ్చి. పొద్దున్నే పనివాళ్ళందర్నీ ఆరుబయట నిలబెట్టి, లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని జాగ్రత్తలు చెప్పేవాడు. ఆ ఎండ వెలుగులో ముందు వరసవాళ్ళకి తెరమీద వాళ్ళ మొహాలే కనిపించేవి. జుట్టు సరిచేసుకునేవారు. వెనక వరసవాళ్ళకి ఆ భాగ్యమూ లేదు.

ఒకరోజు ఆయనే విసిగిపోయి నా దగ్గరికొచ్చాడు.

"సిస్టర్, ఈ స్లైడులన్నీ వెబ్‌సైటులో పెట్టెయ్. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. లింకు నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకోవాలి. యాప్ వద్దు, పాస్‌వర్డ్ వద్దు. యల్లా, త్వరగా కానియ్!"

అదేమంత పెద్ద పని కాదు. ఫైలు తెరిచి, వెబ్‌లో పబ్లిష్ చెయ్యమని నొక్కితే ఒక లింకు వస్తుంది. దాన్ని మా వెబ్‌సైటులో ఒక పేజీకి తగిలించాను. నేను ఫైలులో ఏం మార్చినా కాసేపటికి ఆ పేజీలోనూ మారిపోతుంది. టీ తాగేలోపే అయిపోయింది.

కానీ ఆ లింకు ఎవరూ తెరవలేదు. స్లైడుల నిండా తెల్లటి పళ్ళతో నవ్వే విదేశీ మోడళ్ళు. వాళ్ళ హెల్మెట్ల మీద దుమ్ము కూడా లేదు. "మనవాళ్ళ ఫోటోలే పెట్టు" అన్నాడు మేనేజర్. ఎలా ఉండాలో చెప్పడానికి ఒకటి, ఎలా ఉండకూడదో చెప్పడానికి ఒకటి.

మొదటిదానికి ఒక నేపాలీ కుర్రాడు దొరికాడు. రెండోదానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన చెయ్యెత్తాడు. కడ్డీలు కట్టే పని ఆయనది.

"నేను నిలబడ్త అక్కా. ఎట్ల నిలబడాలె?"

"ఎలా నిలబడకూడదో అలా."

ఆ ఒక్క మాట చాలింది. కాళ్ళకి రబ్బరు చెప్పులు వేసుకుని నిచ్చెనెక్కాడు. సేఫ్టీ బెల్టుని కండువాలా మెడలో వేసుకున్నాడు. హెల్మెట్‌ని తలమీద బోర్లించడానికి బదులు వెల్లకిలా పెట్టి, అందులో రెండు రొట్టెలు పడేసుకున్నాడు. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఒక కాలు గాల్లోకి లేపి పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూలబడి నవ్వారు.

"ఇంకోటి తియ్యక్కా, నాలిక బయటవెడ్త!"

నేపాలీ కుర్రాడికి పచ్చ రైటు గుర్తు పెట్టాను. ఈయన ఫోటో మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రగా ఇంటూ కొట్టాను. ఆ సాయంత్రానికి క్యాంపులో ఆ లింకు చూడనివాడు లేడు. మేనేజర్ నాకు బక్లావా మిఠాయి తినిపించాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తుండగా ఇండియా నుంచి ఫోనొచ్చింది.

"హలో, దుబాయ్ మేడమా?"

"ఇది ఖతర్ అమ్మా."

"అదే, గా దుబాయే. మా ఆయనకు ఇంటూ కొట్టింది మీరేనట గద?"

కడ్డీలాయన భార్య. ఈయన ముచ్చటపడి లింకు ఇంటికి పంపించాడట. నా నంబరు కూడా ఆయనే ఇచ్చాడు. ఊళ్ళో ఆ పేజీ తెరిస్తే ఒకడికి రైటు, తమవాడికి ఇంటూ కనిపించాయి. రైటొచ్చినవాణ్ణి ఉంచుకుంటారు, ఇంటూ వచ్చినవాణ్ణి వాపసు పంపిస్తారు అని ఆమె తమ్ముడు తేల్చేశాడు. వెనక నుంచి ముసలావిడ ఏడుపు వినిపిస్తూనే ఉంది.

"అదంతా యాక్టింగ్ అమ్మా" అన్నాను.

"ఆయన గూడ గట్లనే అన్నడు. యాక్టింగైతే ఇంటూ ఎందుకు కొడ్తరు మేడం? మంచిగ చెయ్యలేదా?"

"అందరికంటే బాగా చేశాడు."

"మరి రైటు కొట్టుండ్రి!"

ఫోన్ పట్టుకునే ఫైలు తెరిచి ఇంటూ తీసేశాను.

"తీసేశాను, చూడండి."

"ఇంక ఉన్నది మేడం."

"పేజీని పైనుంచి కిందికి లాగండి."

"లాగిన. ఉన్నది."

"కాసేపాగి మళ్ళీ లాగండి."

"అత్తా, పైనుంచి కిందికి లాగాల్నట!" అవతల ఆ ఫోన్‌ని ఎంతమంది లాగారో తెలియదు గానీ, నా అన్నం చల్లారిపోయాక ఒక్కసారిగా కేక వినిపించింది. "పోయింది! ఇంటూ పోయింది!" ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

మరుసటి పొద్దున మేనేజర్ తలుపు తోసుకుని వచ్చాడు. కొత్తగా చేరిన ఒకతను హెల్మెట్ వెల్లకిలా పెట్టుకుని గేటు దగ్గరికొచ్చాడట. ఇదేమిటంటే ఫోన్ తీసి మా స్లైడే చూపించాడట.

"ఇంటూ ఏది సిస్టర్?"

"వాళ్ళమ్మ ఏడ్చింది సార్."

"ఎవరి అమ్మ?"

అంతా చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుని గడ్డం గోక్కున్నాడు. "పాపం" అన్నాడు. మళ్ళీ వెంటనే "కానీ ఇంటూ ఉండాలి" అన్నాడు.

చివరికి కడ్డీలాయనదే సరిగ్గా ఉన్న ఫోటో కూడా ఒకటి తీసి ముందు పెడదామనుకున్నాం. కడ్డీలాయన తలస్నానం చేసి, మీసం దువ్వి, కొత్త జాకెట్ వేసుకుని వచ్చాడు. హెల్మెట్ నిటారుగా, బెల్టు బిగించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. దానికి రైటు పెట్టి, పాతదానికి ఇంటూ తిరిగి కొట్టి, ఈసారి నేనే ఆయన భార్యకి ఫోన్ చేశాను. ఆమె చాలాసేపు చూసింది.

"గీ రైటు ఫోటోల ఉన్నదెవలు?"

"మీ ఆయనే."

"గట్ల బిర్రుగ ఎందుకున్నడు? పానం మంచిగ లేదా?"

వెనక నుంచి ముసలావిడ "కొడుకు చిక్కిపోయిండు" అంది.

"ముందటి ఫోటోనే మంచిగున్నది మేడం. అండ్ల నవ్వుతున్నడు" అంది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది: "అక్కా, గా ఇంటూ మొకం మీద వడకుంట కొట్టరాదూ?"

ఇంతవరకూ మేడం అని దులిపేసిన మనిషి అక్కా అనేసరికి నా మనసు కరిగిపోయింది. పెద్ద ఇంటూ తీసేసి హెల్మెట్ మీద ఒకటి, చెప్పుల మీద ఒకటి, బెల్టు మీద ఒకటి చిన్న చిన్నవి పెట్టాను. నవ్వే మొహం ఏ గీతా లేకుండా బయటపడింది. మేనేజర్‌కి కూడా ఇదే నచ్చింది. "తప్పెక్కడో ఇప్పుడు బాగా తెలుస్తోంది" అన్నాడు. ఊళ్ళో మాత్రం మూడు మార్కులొచ్చాయని చెప్పుకున్నారట.

ఆ తర్వాత బరువులెత్తడం గురించి స్లైడులు మొదలుపెట్టాం. తప్పు ఫోటో కోసం క్యాబిన్ బయట వరస కట్టారు. ఒకడు సిమెంటు బస్తా నెత్తిన పెట్టుకుని డాన్సు చేస్తానన్నాడు. రైటు ఫోటోకి మాత్రం ఒక్కడూ దొరకలేదు. దాంతో మేనేజరే జాకెట్ వేసుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. మోకాళ్ళు ఎలా వంచాలో చెబుతూ కిందికి వంగాడు. అంతే, నడుం పట్టేసింది. పెట్టెతో సహా ఆయన్ని కడ్డీలాయనా ఇంకొకతనూ మోసుకొచ్చి నా బల్ల పక్కనే బెంచీ మీద పడుకోబెట్టారు.

వేడినీళ్ళ సంచీ నడుం కింద పెట్టుకున్నాక ఆయన కళ్ళు తెరిచాడు.

"ఫోటో పబ్లిష్ చేశావా సిస్టర్?"

"చేశాను సార్. మీరు వంగిన ఫోటో."

"పెట్టెతో లేచి నిలబడ్డది?"

"మీరు లేవలేదు సార్."