సుందరక్క చదివిన ప్రేమ నవల

తడి నూలుబట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనగానే ఒక వాసన వస్తుంది. కాస్త కమ్మగా, కాస్త మాడినట్టు. మొన్న శుక్రవారం ఆ వాసన వచ్చేసరికి పక్క గదిలో అమ్మాయిలు ఫోన్లో ఏదో ప్రేమకథ పెట్టుకుని వింటున్నారు. నా చెయ్యి ఆగిపోయింది. సుందరక్క గొంతు సవరించుకుని, “ఎక్కడ ఆపామే?” అంటుందేమో అనిపించింది.

మీకు సుందరక్క తెలియదు. కాకినాడ వైపు మనిషి. ఇక్కడ బహ్రెయిన్‌లో ఒక పెద్దింట్లో వంట చేసేది. ఇళ్ళల్లో పనిచేసే మేం కొందరం కలిసి నయీమ్ అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. శుక్రవారం సెలవు దొరికినవాళ్ళం అక్కడ చేరి, వారం బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే అక్క మంచం మీద కూర్చుని నవల చదివేది. నేను రెండో తరగతితో ఆగిపోయినదాన్ని. అక్షరాలు కూడబలుక్కునేలోపు కథ నన్ను దాటిపోతుంది. కానీ ఒకసారి చెవిన పడితే మరిచిపోను. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ళకు ఆ వారం కథ తిరిగి చెప్పడం నా పని. “చదవడం నా వంతు, చెప్పడం రవణ వంతు” అనేది అక్క.

ఒకసారి ఒక నవల చేతికొచ్చింది. అందులో అమ్మాయి పెళ్ళిమండపాలకు పూల అలంకరణ చేస్తుంది, నిద్రలో కూడా మాట్లాడే రకం. అబ్బాయి డాక్టరు, ఏమడిగినా తలూపి ఊరుకుంటాడు. ఆమె అన్నీ చిందరవందర చేసిపోతుంటే అతను వెనకాలే సర్దుకుంటూ వస్తాడు. వీళ్ళిద్దరికీ ఎలా కుదురుతుందా అని గదిలో అందరికీ సరదాగా ఉండేది. నాకు మాత్రం గుబులుగా ఉండేది.

ఎందుకంటే అప్పటికే రాజన్న నన్ను పెళ్ళికి అడిగి ఉన్నాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. అస్కర్‌లో కూలీల క్యాంపులో ఉండే తాపీమేస్త్రి. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నేను పనిచేసే ఇంటి ప్రహరీ బాగుచేయడానికి వచ్చినప్పుడు పరిచయం. నా భర్త పోయాడు, అతనికి పెళ్ళే కాలేదు. “నీకిష్టమైతే సెలవు మీద ఇంటికి పోయినప్పుడు మా అమ్మకు చెప్త” అన్నాడు. నాతో అంత పొడుగు మాట అనడం అదే మొదలు. సెలవు దగ్గరపడుతోంది, నేను జవాబు చెప్పాలి. మనిషి మంచివాడే. కానీ గలగలలాడే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ మౌనంతో ఎలా వేగను? పెళ్ళయ్యాక మారతాడులే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

శుక్రవారాలు కూడా అతనికి ఓవర్‌టైం. అది అయ్యాక ఫోన్ చేసి నవల కథ చెప్పేదాన్ని. అటునుంచి “ఊఁ” తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

“వింటున్నాడా, కునుకు తీస్తున్నాడా?” అని అక్క ఏడిపించేది.

“ఏమో అక్కా, గోడకి చెప్పినట్టే ఉంది.”

“గోడలు కట్టేవాడే కదే, వాటి పోలికే వచ్చుంటుంది.”

ఆఖరి భాగం చదివిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. డాక్టరు పెళ్ళి వేదిక ఎక్కి, మైకు లాక్కుని, అంతమంది ముందు ఆగకుండా తన ప్రేమంతా చెప్పేశాడు, పాట కూడా పాడాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం చేదు మింగినట్టు మొహం పెట్టి పుస్తకం మూసింది.

“అదేంటక్కా, అంత బాగుంటే?” అన్నాను.

“ఏం బాగు! ఇన్ని పేజీల్లో ఆ పిల్ల ప్రేమించింది ఎవర్నే? నోరు విప్పనోణ్ణి కదా. ఆఖర్న వాణ్ణి మాయం చేసి, ఎవడో వాగుడుకాయని తెచ్చి కట్టబెట్టారు. పాపం, మనోడు ఎక్కడికెళ్ళాడో!”

అందరూ నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చింది. “మనుషులు మారరా అక్కా?”

అక్క నా మొహం చూసి నవ్వు ఆపింది. “మారితే సంతోషం. మారకపోతే? రాజన్న ముసలాడయ్యేదాకా ఊఁ అనే అంటాడనుకో. అప్పుడు కావాలా, వద్దా? వద్దనుకుంటే ఇప్పుడే చెప్పెయ్, ఖలాస్. ఆశపెట్టి ఉంచకు.”

ఆ సాయంత్రం రాజన్నకు ముగింపు చెప్పాను. “ఊఁ” అన్నాడు. ఫోన్ పెట్టేయబోతుంటే, “మరి గా గొడుగేమైంది?” అన్నాడు.

“ఏ గొడుగు?”

“వాన పడ్డనాడు ఆమె ఎర్ర గొడుగు ఆయన కార్ల మర్సిపోయింది గదా. నువ్వే చెప్పినవ్. మల్ల ఇచ్చిండా, లేదా?”

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని అక్కనడిగాను. అక్క పేజీలన్నీ తిరగేసింది. గొడుగు మళ్ళీ ఎక్కడా లేదు. “రాసినావిడే మర్చిపోయిందే తల్లీ!” అని పొట్ట పట్టుకుని నవ్వింది. “నీ గోడ అంతా వింటందే!”

నాకు నవ్వు రాలేదు. అన్ని శుక్రవారాలూ ఎండలో పనిచేసి వచ్చి, క్యాంపు గదిలో అంతమంది గోలలో కూర్చుని, నా మాట ఒక్కటి కూడా కింద పడనివ్వలేదు ఈ మనిషి. ఇలాగే ఉంటే నాకు కావాలా అని అప్పుడు మొదటిసారి నిజంగా నన్ను నేనే అడిగాను.

“మీ అమ్మకి చెప్పు” అన్నాను.

“ఊఁ” అన్నాడు.

అక్క తర్వాత కొన్నాళ్ళకు ఊరెళ్ళిపోయింది, పోయినేడు కన్నుమూసింది. పెళ్ళయ్యాక కూడా రాజన్న మారలేదు. ఒక్కోరోజు ఆ మౌనం మీద నాకు ఒళ్ళు మండుతుంది కూడా. లేదని అబద్ధం చెప్పను. కానీ మోసపోయానని ఎన్నడూ అనిపించలేదు.

మొన్న పక్క గది అమ్మాయిల్లో ఒకతె వచ్చి, తనను చేసుకుంటానన్న అబ్బాయి గురించి చెప్పింది. “పెళ్ళయ్యాక తాగుడు మానేస్తాడంట ఆంటీ.”

“మానకపోతే?” అన్నాను.

ఆ పిల్ల చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ తొందరపెట్టలేదు. మాట్లాడని మనిషి పక్కన కూర్చోవడం నాకిప్పుడు బాగా అలవాటు.